కణం మింగేటప్పుడు చిన్న జీటీపీఏజ్‌లు ఏం చేస్తాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో డిగ్రీ ఆఖరి ఏడాది, ఎంఎస్సీ చదివే పిల్లలు సెల్ బయాలజీలో ఈ పాఠం దగ్గరికి రాగానే ఏటా అవే సందేహాలు పంపిస్తుంటారు. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్ల మీద రాబ్, ర్యాక్, ఆర్ఫ్, గెఫ్, గ్యాప్ అంటూ పొట్టి పేర్లన్నీ ఒకేసారి వచ్చి పడితే టెన్షన్ రాక ఏమవుతుంది? అందుకే ఒకచోట పెట్టాను. ప్రశ్నలు వాళ్ల మాటల్లోనే ఉన్నాయి. ఎక్కడ తెరిచి చదివినా ఆ జవాబు అక్కడికి పూర్తవుతుంది. ఈ ప్రోటీన్‌లు ఎప్పుడు పనిలోకి దిగుతాయో అందరూ బట్టీ పడతారు. ఎప్పుడు తప్పుకుంటాయో మాత్రం వదిలేస్తారు. అసలు నియంత్రణ అక్కడే ఉందని నా నమ్మకం. అందుకే చాలా జవాబుల్లో దాని మీదే ఎక్కువసేపు ఆగాను.

## మొదలుపెట్టే ముందు

మాస్టారూ, చిన్న జీటీపీఏజ్ అంటే జీటీపీని విరగ్గొట్టే ఎంజైమేనా?

పేరు అదే చెబుతుంది గానీ, ఎంజైముగా చూస్తే దీనికి బద్ధకం ఎక్కువ. తనంతట తానుగా జీటీపీని విరగ్గొట్టడానికి నిమిషాలు, ఒక్కోసారి గంటలు కూడా పడుతుంది. ఇది 20 నుంచి 25 కిలోడాల్టన్ల చిన్న ప్రోటీన్. జీటీపీ పట్టుకున్నప్పుడు ఒక ఆకారంలో, జీడీపీ (ఒక ఫాస్ఫేట్ తెగిపోయిన జీటీపీ) పట్టుకున్నప్పుడు ఇంకో ఆకారంలో ఉంటుంది. జీటీపీ ఆకారంలో ఉన్నప్పుడే ఎఫెక్టర్లనే ప్రోటీన్‌లు వచ్చి దాన్ని పట్టుకోగలవు. పొరను వంచడం, వెసికిల్‌ను (పొరతో అయిన చిన్న సంచిని) లాగడం, రెండు పొరల్ని దగ్గరికి తేవడం, ఇవన్నీ చేసేది ఆ ఎఫెక్టర్లే. ఇక్కడ జీటీపీ విరగడం శక్తి కోసం జరిగే పని కాదు. విరిగితే ఆకారం మారిపోతుంది, ఎఫెక్టర్లు ఊడిపోతాయి, పని ఆగుతుంది.

ఈ చిన్న జీటీపీఏజ్‌లన్నిటినీ కలిపి రాస్ కుటుంబం అంటారు, మనుషుల్లో దానికి 150కి పైగా సభ్యులున్నారు. రాస్, రో, రాబ్, ఆర్ఫ్, రాన్ అని ఐదు శాఖలు. పొరల రవాణా ఎక్కువగా రాబ్, ఆర్ఫ్‌ల చేతిలో ఉంటుంది. మింగేటప్పుడు పొర కింద యాక్టిన్ పోగులను పెంచేది రో శాఖ (ర్యాక్, సీడీసీ42, రోఏ ఈ శాఖవే). రాన్ కేంద్రకం వైపు పని చూస్తుంది కాబట్టి ఈ పాఠంలో దాని అవసరం రాదు.

గెఫ్, గ్యాప్, జీడీఐ మూడూ కలగాపులగం అయిపోతున్నాయి. తేలిగ్గా చెప్పండి.

గెఫ్ జీడీపీని వదిలిస్తుంది, అంతే. జీటీపీని తెచ్చి పెట్టదు. కణంలో జీడీపీ కంటే జీటీపీ సుమారు పది రెట్లు ఎక్కువ ఉంటుంది కాబట్టి ఖాళీ అయిన చోటులో జీటీపీయే చేరుతుంది. గ్యాప్ వచ్చి జీటీపీ విరిగే వేగాన్ని వేల రెట్లు పెంచుతుంది. జీడీపీతో మిగిలిన రాబ్‌ను పొరలోంచి పైకి తీసి, కణద్రవ్యంలో పట్టుకుని ఉంచేది జీడీఐ.

గ్యాప్ దగ్గర తిరకాసు ఉంది. అది జీటీపీఏజ్ చర్యను పెంచుతుంది, దాంతో జీటీపీఏజ్ చేసే పని ఆగిపోతుంది. జవాబు పత్రంలో ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన రాయండి. ఒక్కటే రాస్తే దిద్దేవాళ్లకు మీకు అర్థమైందో లేదో తెలియదు.

నీళ్లలో కరిగే ప్రోటీన్ పొరకు ఎలా అంటుకుంటుంది?

దానికి జిడ్డు తోక అతికిస్తారు. రాబ్‌లలో ఎక్కువ వాటికి చివర ఉండే సిస్టీన్‌ల మీద 20 కార్బన్ల జెరానిల్‌జెరానిల్ గొలుసులు రెండు చేరతాయి. ఆర్ఫ్‌లకు ముందు చివర 14 కార్బన్ల మిరిస్టిక్ ఆమ్లం చేరుతుంది. ఈ గొలుసులు పొరలోని కొవ్వులో దిగబడతాయి.

రాబ్‌ను ఆ తోక అతికించే ఎంజైము దగ్గరికి చేర్చే ప్రోటీన్‌ను రెప్ అంటారు. రెప్-1 జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది. అది చెడితే కోరాయిడెరీమియా అనే కంటి జబ్బు వస్తుంది. మగపిల్లలకు మొదట రేచీకటి మొదలై, ఏళ్లు గడిచేకొద్దీ చూపు అంచుల నుంచి లోపలికి తగ్గుకుంటూ వస్తుంది. మిగతా అవయవాల్లో రెప్-2 ఆ లోటు చాలావరకు పూడుస్తుంది, కంట్లో మాత్రం అది చాలదు.

ఏ రాబ్ ఏ పొర మీదికి వెళ్లాలో ఎవరు చెబుతారు?

చాలావరకు గెఫ్. రాబ్ కణద్రవ్యంలో తిరుగుతూ ఎన్నో పొరలను తాకుతుంది. తన గెఫ్ ఉన్న పొర మీద జీటీపీ అందుకుంటే అక్కడ నిలుస్తుంది. అందుకోకపోతే జీడీఐ మళ్లీ తీసేస్తుంది. 2013లో పరిశోధకులు కొన్ని గెఫ్‌లను కావాలనే మైటోకాండ్రియా మీద కట్టేసి చూశారు. వాటికి చెందిన రాబ్‌లు, వాటితో ఏ సంబంధమూ లేని మైటోకాండ్రియా మీదికి వెళ్లి చేరాయి. రాబ్ చివరి భాగంలోని అమైనో ఆమ్లాల వరుసలోనే చిరునామా ఉంటుందని పాత నోట్సుల్లో కనిపిస్తుంది. అది పూర్తిగా తప్పు కాదు గానీ, ఒక్క దానితో సరిపెట్టుకోకండి.

## కణపొర దగ్గర

వెసికిల్ మెడను తెంపే డైనమిన్ కూడా చిన్న జీటీపీఏజేనా?

కాదు. అది సుమారు 100 కిలోడాల్టన్ల పెద్ద జీటీపీఏజ్. మెడ చుట్టూ మెలికగా చుట్టుకుని, జీటీపీ విరగ్గొట్టిన శక్తితోనే బిగిస్తుంది. అంటే అది స్వయంగా పనిచేసే ప్రోటీన్. చిన్న జీటీపీఏజ్ మాత్రం ఇతరులను పిలుస్తుంది.

డైనమిన్ కథ పండ్ల ఈగలో మొదలైంది. షిబిరే అనే మార్పు ఉన్న ఈగలను 29, 30 డిగ్రీల దగ్గర పెడితే కొద్ది నిమిషాల్లో కదల్లేక పడిపోతాయి. చల్లబరిస్తే లేచి తిరుగుతాయి. నాడుల చివర పొరను వెనక్కి తీసుకోవడం ఆగిపోవడంతో అక్కడ వెసికిల్స్ అయిపోతాయి, సంకేతం ముందుకు వెళ్లదు. ఆ జన్యువు డైనమిన్‌దేనని 1991లో తేలింది. మే నెలలో మన శ్రీకాకుళం ల్యాబుల్లో ఏసీ లేకుండా ఈ ఈగలను పెంచితే, ప్రయోగం చేయకముందే ఫలితం వచ్చేస్తుంది.

అయితే క్లాత్రిన్ గుంట దగ్గర చిన్న జీటీపీఏజ్‌లకు పనేమీ లేదా?

ఉంది. కణపొర మీద ఉండే ఆర్ఫ్6, పీఐపీ2 అనే కొవ్వును తయారుచేసే ఎంజైమును పురికొల్పుతుంది. క్లాత్రిన్‌ను (గుంట మీద పూతలా చేరే ప్రోటీన్‌ను) పట్టి తెచ్చే ఏపీ2 అడాప్టర్ నిలబడాలంటే ఆ పీఐపీ2 కావాలి. గుంట తయారై, తెగి లోపలికి వచ్చే పని అంతా చాలాసార్లు ఒకటి రెండు నిమిషాల్లో అయిపోతుంది.

తెగిన తర్వాత అదే పీఐపీ2 అడ్డం. రాబ్35 వచ్చి ఓసీఆర్ఎల్ అనే ఫాస్ఫటేజ్‌ను కొత్త వెసికిల్ మీదికి రప్పిస్తుంది, అది పీఐపీ2ను మార్చేస్తుంది. కొవ్వు మారితే దాన్ని పట్టుకుని ఉండే ప్రోటీన్‌ల జట్టూ మారుతుంది. ప్రోటీన్ పేర్లతో పాటు పొరలోని కొవ్వు పేరు కూడా రాసుకుంటే ఈ పాఠంలో సగం గందరగోళం పోతుంది.

ఈ క్లాత్రిన్ గుంటలను మొదట ఎక్కడ చూశారు?

దోమలో. 1964లో రాత్, పోర్టర్ అనే ఇద్దరు, రక్తం తాగిన ఈడిస్ ఈజిప్టై దోమ గుడ్డు కణాలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టారు. పచ్చసొన ప్రోటీన్‌ను లోపలికి తీసుకుంటున్న చోట ముళ్లలాంటి పూత ఉన్న గుంటలు కనిపించాయి. ఆ పూత ప్రోటీన్‌ను వేరుచేసి క్లాత్రిన్ అని పేరు పెట్టింది బార్బరా పియర్స్, 1970ల మధ్యలో.

తెల్ల రక్తకణం బాక్టీరియాను మింగేటప్పుడు ముందు ఎవరు, తర్వాత ఎవరు?

యాంటీబాడీ పూసిన బాక్టీరియా ఎఫ్‌సీ గ్రాహకానికి (యాంటీబాడీని పట్టుకునే గ్రాహకానికి) తగిలితే సీడీసీ42, ర్యాక్ పనిలోకి దిగుతాయి. వాటి వల్ల యాక్టిన్ పెరిగి పొర రెండు వైపులా లేచి బాక్టీరియాను చుట్టుకుంటుంది. కాంప్లిమెంట్ (రక్తంలోని రక్షణ ప్రోటీన్‌ల) పూత ఉన్న బాక్టీరియా అయితే దారి వేరు. అక్కడ రోఏ ముఖ్యం, బాక్టీరియా పెద్ద హడావిడి లేకుండా లోపలికి దిగుతుంది. చుట్టుకోవడానికి అదనపు పొర కావాలి కదా, దాన్ని లోపలి నుంచి ఆ చోటికి పంపించే పనిలో ఆర్ఫ్6కు భాగం ఉంది.

పొర కప్పులా లేచాక మూసుకోవాలి. మూసుకోవాలంటే అడుగున ఉన్న యాక్టిన్ విడిపోవాలి. అది విడిపోవాలంటే సీడీసీ42, ర్యాక్ ఆగాలి. వీటిని ఎప్పటికీ జీటీపీతోనే ఉండేలా మార్చిన కణాల్లో కప్పు లేస్తుంది, మూసుకోవడం దగ్గర చిక్కుకుపోతుంది. పెద్ద వస్తువును మింగేటప్పుడు పీఐ3 కైనేజ్ చేసే కొవ్వు ఆ చోటికి గ్యాప్‌లను పిలిచి ర్యాక్‌ను ఆపిస్తుంది. 'ర్యాక్ ఎక్కువైతే ఎక్కువ మింగుతుంది' అని రాసేవాళ్లు ఈ భాగం రెండోసారి చదవాలి.

మాక్రోపినోసైటోసిస్ కూడా ఇదేనా?

చుట్టాలే. ఇక్కడ పట్టుకోవడానికి ప్రత్యేకంగా ఒక రేణువు ఉండదు. పొర ముడతలుగా లేచి బయటి ద్రవాన్ని గుటకలుగా తీసుకుంటుంది. రాస్, ర్యాక్ రెండూ నడిపిస్తాయి. రాస్ ఎప్పుడూ పనిచేస్తూనే ఉండే కొన్ని క్లోమ క్యాన్సర్ కణాలు ఈ దారిలోనే అల్బుమిన్‌ను మింగి, అరిగించుకుని, అమైనో ఆమ్లాలు సంపాదిస్తాయని 2013లో చూపించారు.

## లోపలికి వచ్చాక

రాబ్5 గురించి అంత గొప్పగా ఎందుకు చెబుతారు?

లోపలికి వచ్చిన వెసికిల్స్ ముందుగా చేరే ఎర్లీ ఎండోసోమ్‌ను తయారుచేసి నిలబెట్టేది అదే కాబట్టి. రాబ్5 అక్కడ ఉంటుందని 1990లో, లోపలికి తీసుకునే వేగాన్ని అదే నిర్ణయిస్తుందని 1992లో చూపించారు. 2012లో ఎలుకల కాలేయంలో రాబ్5 మూడు రూపాలనూ బాగా తగ్గిస్తే ఎండోసోమ్‌లే కనబడకుండా పోయాయి, కాలేయం ఎల్‌డీఎల్‌ను (రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే రేణువును) తీసుకోవడం పడిపోయింది.

పని జరిగే తీరు ఇది. రాబెక్స్-5 అనే గెఫ్ రాబ్5కు జీటీపీ ఇప్పిస్తుంది. జీటీపీ ఉన్న రాబ్5 రాబాప్టిన్-5ను పట్టుకుంటుంది. రాబాప్టిన్ తనతో పాటు ఇంకో రాబెక్స్‌ను తెస్తుంది. దాంతో పక్కన ఉన్న రాబ్5లకూ జీటీపీ అందుతుంది. చూస్తుండగానే పొర మీద ఒక ముక్క అంతా రాబ్5తో నిండిపోతుంది. ఆ ముక్కలోకి వీపీఎస్34 అనే కైనేజ్ వచ్చి పీఐ3పీ కొవ్వును తయారుచేస్తుంది. ఈఈఏ1 అనే పొడుగాటి ప్రోటీన్ ఒక చివరతో రాబ్5ను, రెండో చివరతో పీఐ3పీని పట్టుకుని రెండు పొరలను కలుపుతుంది. సుమారు 200 నానోమీటర్లు చాచుకుని నిటారుగా ఉండే ఈ ఈఈఏ1, రాబ్5 తగలగానే మెత్తబడి వంగుతుందని, అలా వంగడంతోనే పొరలు దగ్గరికి లాగబడతాయని 2016లో కనుక్కున్నారు. ఈ మొత్తం పాఠంలో నాకు బాగా నచ్చిన ముక్క ఇది.

రాబ్5 ఉన్న ఎండోసోమ్ నుంచి రాబ్7 ఉన్న ఎండోసోమ్‌కు సరుకు వెసికిల్స్‌లో వెళ్తుందా, లేక ఎండోసోమే మారుతుందా?

ఎక్కువగా ఎండోసోమే మారుతుంది. దీని మీద చాలా కాలం వాదన నడిచింది. 2005లో బతికున్న కణాల్లో ఒకే ఎండోసోమ్‌ను కెమెరాతో వెంటాడితే, దాని మీద రాబ్5 వెలుగు తగ్గుతుండగా రాబ్7 వెలుగు పెరగడం కనిపించింది. పలాస నుంచి వచ్చిన బస్సు శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో బోర్డు మార్చుకుని అదే బస్సు విశాఖకు బయలుదేరినట్టన్నమాట. లోపల కూర్చున్నవాళ్లు దిగక్కర్లేదు.

బోర్డు మార్చేది మాన్1, సీసీజెడ్1 జంట. పీఐ3పీ పెరిగినప్పుడు ఈ జంట పొర మీదికి వచ్చి రాబెక్స్-5ను తోసేస్తుంది, రాబ్7కు గెఫ్‌గా పనిచేస్తుంది. రాబెక్స్ పోయాక రాబ్5ను నిలిపేవాళ్లుండరు. గ్యాప్‌లు దాన్ని జీడీపీ రూపానికి తెస్తాయి, జీడీఐ తీసుకుపోతుంది. గమనించండి, రాబ్5 తెచ్చిన వీపీఎస్34 చేసిన పీఐ3పీయే చివరికి రాబ్5ను దించడానికి దారి వేసింది.

రాబ్7 వచ్చాక ఆర్‌ఐఎల్‌పీ ద్వారా డైనీన్ మోటారు తగులుకుని, ఎండోసోమ్ కేంద్రకం వైపు లాగబడుతుంది. హాప్స్ అనే ప్రోటీన్ గుంపు దాన్ని లైసోజోమ్‌తో కలుపుతుంది.

ఆమ్లత్వం ఎందుకు పెరుగుతూ పోతుంది? అది కూడా రాబ్ పనేనా?

నేరుగా కాదు. ప్రోటాన్లను లోపలికి తోసేది వీ-ఏటీపీఏజ్ పంపు. ఎర్లీ ఎండోసోమ్‌లో పీహెచ్ 6కు కాస్త పైన, లేట్ ఎండోసోమ్‌లో 5.5 దగ్గర, లైసోజోమ్‌లో 4.5, 5 మధ్య ఉంటుంది. ఏ పంపులు, ఏ ఎంజైములు ఎప్పుడు వచ్చి చేరాలన్నది పొరల కలయిక మీద ఆధారపడుతుంది. రాబ్‌ల చేయి పడేది అక్కడే.

రాబ్5 క్యూ79ఎల్, ఎస్34ఎన్ అని మార్పులు అడుగుతున్నారు. ఏది ఏదో గుర్తుండటం లేదు.

క్యూ79ఎల్‌లో జీటీపీ విరగదు కాబట్టి రాబ్5 ఆగకుండా పనిచేస్తుంది, ఎండోసోమ్‌లు ఒకదానితో ఒకటి కలిసిపోయి పెద్ద బుడగల్లా ఉబ్బుతాయి. ఎస్34ఎన్ జీడీపీ దగ్గరే ఉండిపోయి గెఫ్‌ను కూడా పట్టి ఉంచుతుంది, ఎండోసోమ్‌లు చిన్న చిన్న ముక్కలుగా మిగిలిపోతాయి, మింగడం తగ్గుతుంది.

## తిరిగి పైకి

లోపలికి వచ్చిన గ్రాహకాలన్నీ లైసోజోమ్‌లో అరిగిపోతాయా?

పోవు. ఎల్‌డీఎల్ గ్రాహకం సుమారు పది నిమిషాలకోసారి లోపలికి వచ్చి వెళ్తుంది, దాదాపు 20 గంటల తన ఆయుష్షులో ఇలా వందకు పైగా సార్లు తిరుగుతుంది. దాని మీద పనిచేసిన బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది. ట్రాన్స్‌ఫెరిన్ కూడా ఎండోసోమ్‌లో ఇనుమును వదిలేసి, గ్రాహకంతో పాటే పైకి వచ్చేస్తుంది. ఎర్లీ ఎండోసోమ్ నుంచి నేరుగా పైకి వెళ్లే వేగపు దారిలో రాబ్4, కేంద్రకం దగ్గరి రీసైక్లింగ్ ఎండోసోమ్ మీదుగా వెళ్లే నెమ్మది దారిలో రాబ్11 ఉంటాయి. రాబ్5, రాబ్4 ఒకే ఎండోసోమ్ మీద వేర్వేరు ముక్కల్లో ఉండగలవు. అంచేత ఒక ఎండోసోమ్‌కు ఒకే రాబ్ అనే లెక్క పెట్టుకోకండి.

మా ఇంట్లో షుగర్ ఉంది. దానికీ ఈ రాబ్‌లకూ సంబంధం ఉందా?

ఉంది, గ్యాప్ దగ్గర. కండరం, కొవ్వు కణాల్లో గ్లూకోజును లోపలికి తెచ్చే గ్లూట్4 మామూలుగా లోపలి వెసికిల్స్‌లోనే ఉండిపోతుంది. అక్కడ టీబీసీ1డీ4 అనే గ్యాప్ రాబ్‌లను జీడీపీ రూపంలో అణచి ఉంచుతుంది. ఇన్సులిన్ తగిలితే ఏకేటీ కైనేజ్ ఆ గ్యాప్‌కు ఫాస్ఫేట్ తగిలించి పని మాన్పిస్తుంది. కొవ్వు కణాల్లో రాబ్10కు జీటీపీ నిలిచి, గ్లూట్4 కణపొరకు చేరుతుంది. గ్రీన్‌లాండ్ ఇన్యూట్ ప్రజల్లో ఈ టీబీసీ1డీ4 జన్యువులోని ఒక మార్పు రెండు ప్రతుల్లోనూ ఉన్నవాళ్లకు టైప్-2 షుగర్ ప్రమాదం బాగా పెరుగుతుందని 2014లో తేలింది. మన ఇళ్లలో కనిపించే మామూలు షుగర్‌కు తిండి, బరువు, వంశపారంపర్యం లాంటివి ఎన్నో కలుస్తాయి. దాన్ని ఒక్క గ్యాప్ మీదికి నెట్టలేం.

## జబ్బులు, మందులు

టీబీ సూక్ష్మజీవి మింగిన కణంలోనే ఎలా బతుకుతుంది?

ఫాగోసోమ్‌ను (మింగిన బాక్టీరియా ఉన్న సంచిని) మధ్యలో ఆపేసి. మామూలుగా ఫాగోసోమ్ కూడా రాబ్5 నుంచి రాబ్7కు మారి లైసోజోమ్‌తో కలవాలి. టీబీ సూక్ష్మజీవి ఉన్న ఫాగోసోమ్ మీద రాబ్5 మిగిలిపోతుంది, రాబ్7 సరిగా చేరదు, పీహెచ్ 6 పైనే ఉండిపోతుంది. బాక్టీరియా వదిలే శాప్ఎం అనే ఫాస్ఫటేజ్ పీఐ3పీని నాశనం చేయడం అందులో ఒక ఎత్తు. ఈ ఫాగోసోమ్‌లు లైసోజోమ్‌తో కలవడం లేదని 1971లోనే చూశారు. రాబ్‌ల సంగతి 1997లో బయటపడింది.

అన్ని సూక్ష్మజీవులదీ ఇదే దారి కాదు. క్యూ జ్వరం తెచ్చే కాక్సియెల్లాకు ఆమ్లమే కావాలి, రాబ్7 వచ్చాక కూడా హాయిగా ఉంటుంది. స్క్రబ్ టైఫస్ తెచ్చే ఓరియెన్షియా ఎండోసోమ్‌ను చీల్చుకుని కణద్రవ్యంలోకి పారిపోతుంది. సాల్మొనెల్లా ఇంకా గడుసుది. సాప్‌ఈ అనే తన సొంత గెఫ్‌ను కణంలోకి ఎక్కించి, ర్యాక్, సీడీసీ42లను లేపి, మింగని కణం చేత కూడా మింగించుకుంటుంది. పని అయ్యాక ఎస్‌పీటీపీ అనే గ్యాప్‌తో వాటిని ఆపేస్తుంది కూడా.

ఉద్దానం కిడ్నీ జబ్బుకు కారణం ఈ ఎండోసైటోసిస్ (కణం మింగడం) చెడటమేనా?

అలా ఎవరూ నిరూపించలేదు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు నుంచి వచ్చిన పిల్లలు ఈ ప్రశ్న తప్పకుండా అడుగుతారు. ఇంట్లో జబ్బు ఉన్నవాళ్లకు పుస్తకంలోని మాట ఆశగా వినిపిస్తుంది, కాబట్టి జాగ్రత్తగా చెప్పాలి.

తెలిసింది ఇది. మూత్రపిండంలో వడపోత దాటి వచ్చిన చిన్న ప్రోటీన్‌లను ప్రాక్సిమల్ నాళిక కణాలు మెగాలిన్, క్యూబిలిన్ అనే గ్రాహకాలతో మింగి తిరిగి దక్కించుకుంటాయి. ఈ కణాల్లో ఎండోసైటోసిస్ రాత్రీ పగలూ నడుస్తుంది. అది చెడితే బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ లాంటి చిన్న ప్రోటీన్‌లు మూత్రంలో పోతాయి. ఓసీఆర్ఎల్ జన్యువు చెడితే వచ్చే లోవ్ సిండ్రోమ్, ఎండోసోమ్ క్లోరైడ్ వాహకం చెడితే వచ్చే డెంట్ జబ్బు ఇందుకు ఉదాహరణలు. రెండూ అరుదైన వంశపారంపర్య జబ్బులు. ఉద్దానంలో కూడా దెబ్బ ఎక్కువగా నాళికల చుట్టూనే కనిపిస్తుంది. కానీ దెబ్బ తగిలిన చోటు, దెబ్బ కొట్టిన కారణం ఒకటే అనుకోకూడదు. ఇంట్లో ఎవరికైనా అనుమానం ఉంటే క్రియాటినిన్, మూత్రం పరీక్షలు చేయించండి.

కొలెస్ట్రాల్ మాత్రలు రాబ్ తోకను కూడా ఆపేస్తాయట, నిజమేనా?

స్టాటిన్లు ఆపే దారిలోనే జెరానిల్‌జెరానిల్ కూడా తయారవుతుంది, అంచేత ల్యాబులో ఎక్కువ మోతాదు వేస్తే రాబ్, రో ప్రోటీన్‌లకు తోక తగ్గుతుంది. డాక్టరు రాసిన మాత్ర మానేయడానికి ఇది కారణం కాదు. ఈ దారినే అసలు గురిగా పెట్టుకున్న మందులు ఎముకలకు వాడే కొన్ని బిస్‌ఫాస్ఫోనేట్‌లు. జోలెడ్రోనిక్ ఆమ్లం లాంటివి ఎముకను కరిగించే ఆస్టియోక్లాస్ట్‌లలో ఈ తోకల తయారీని ఆపి వాటిని నెమ్మదింపజేస్తాయి.

## పరీక్ష, ప్రాక్టికల్

రాబ్‌లు అరవైకి పైగా ఉన్నాయి. నెట్ పరీక్షకు అన్నీ చదవాలా?

వద్దు. రాబ్5, 7, 4, 11, 27, 35, వాటితో ఆర్ఫ్6, ర్యాక్, సీడీసీ42, రోఏ చాలు. ఒక్కోదానికీ గెఫ్ ఏది, ఎఫెక్టర్ ఏది, ఆపేది ఎవరు అని ఒక వరుస రాయండి. రాబ్27ఏ చెడితే గ్రిసెల్లి సిండ్రోమ్ టైప్-2, రాబ్7లో మార్పు వస్తే షార్కో-మారీ-టూత్ 2బీ, ఈ రెండూ అడిగే అవకాశం ఎక్కువ.

మా కాలేజీలో ఫ్లోరసెన్స్ మైక్రోస్కోప్ లేదు. చూపించడానికి ఏముంది?

పారమీషియం ఉంది. చెరువు నీళ్లలో ఎండుగడ్డి వేసి కొన్ని రోజులు ఉంచితే దొరుకుతుంది. కాస్త ఈస్ట్‌ను కాంగో రెడ్ రంగులో మరిగించి చల్లార్చండి (గ్లవ్స్ వేసుకోండి, ఆ రంగు మంచిది కాదు). స్లైడు మీద ఒక చుక్క పారమీషియం నీళ్లు, సూది మొనతో కొంచెం ఆ ఈస్ట్, అవి పరుగెత్తకుండా రెండు దూది పోగులు, పైన కవర్‌స్లిప్. కొద్ది నిమిషాల్లో నోటి గాడి అడుగున ఎర్రని ఆహార రిక్తికలు ఒకటొకటిగా తెగి లోపలికి రావడం 40ఎక్స్‌లో కనిపిస్తుంది. ఒక రిక్తికనే పట్టుకుని చూస్తూ ఉండండి. లోపల ఆమ్లం పెరిగేకొద్దీ ఎరుపు ఊదాగా, తర్వాత నీలంగా మారుతుంది. పీహెచ్ 3 దగ్గర కాంగో రెడ్ నీలం, 5 దాటితే ఎరుపు. ఇంకాసేపు ఆగితే మళ్లీ ఎర్రబడుతుంది.

పారమీషియంలోనూ రాబ్7 ఉంది. రంగు మారడంలో మీకు కనబడేది రాబ్ కాదు, రిక్తిక వయసు. రికార్డులో అలాగే రాయండి.

కంప్యూటర్ మీద చేసే ప్రాజెక్టు ఏదైనా ఉందా?

ప్రోటీన్ డేటా బ్యాంక్‌లో రాబ్5ఏ నిర్మాణం జీటీపీ తరహా రూపంలో, జీడీపీ రూపంలో రెండూ ఉచితంగా ఉన్నాయి. రెంటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే ప్రోటీన్ చాలావరకు కదలదు. స్విచ్-1, స్విచ్-2 అనే రెండు భాగాలే మారతాయి. ఆ తర్వాత ఏదైనా ఎఫెక్టర్‌తో కలిసి ఉన్న రాబ్5 నిర్మాణం తెరిచి, ఎఫెక్టర్ ఏ భాగాన్ని పట్టుకుందో గుర్తించమని అడగండి. డిగ్రీ ప్రాజెక్టుకు అది చాలు. ల్యాప్‌టాప్ మామూలుదైనా నడుస్తుంది.